నల్లమల దారిలో ఒక పగలు

కాళిదాసు శాకుంతలం ఒక రథప్రయాణంతో ప్రారంభమవుతుంది. దుష్యంతుడు లేడిని తరుముతూ అడవిలోనికి వస్తాడు. సారథి పగ్గాలు వదలగానే గుర్రాలు అందుకొన్న వేగానికి రాజు ఆశ్చర్యపడతాడు. అంతలో ఒక తాపసుడు అడ్డువచ్చి, అది ఆశ్రమమృగమనీ, దానిని చంపరాదనీ వారిస్తాడు. రాజు బాణాన్ని ఉపసంహరించుకొంటాడు. మరికొంత దూరం పోయి తపోవనం సమీపించిందని గ్రహించి, రథం దిగి, ఆభరణాలనూ ధనుస్సునూ సారథి చేతికిచ్చి కాలినడకను లోపలికి ప్రవేశిస్తాడు. కథ నడిచేదంతా అక్కడినుండే. రథం మీదనే ఉండిపోయినట్లయితే ఆ మహారాజుకు అడవిలో ఒక లేడి వెనుకభాగం తప్ప మరేమీ కనబడి ఉండేది కాదు.

హైదరాబాదు నుండి శ్రీశైలం పోయే జాతీయరహదారి మీద నేడు ప్రతిదినమూ వేలాదిమంది రథం దిగకుండానే అడవిని దాటిపోతున్నారు. రెండు నగరాల మధ్య దారి సుమారు 215 కిలోమీటర్లు. అందులో మన్ననూరు తనిఖీ ద్వారం మొదలు దోమలపెంట వరకు దాదాపు 60 కిలోమీటర్లు అమ్రాబాదు పులుల రక్షితారణ్యంలోనుండి పోతుంది. ఉదయం బయలుదేరిన పాఠశాల బస్సు ఈ భాగాన్ని గంటన్నరలో దాటుతుంది. లోపల పిల్లలు పాటలు పాడుతూ ఉంటారు. దారిప్రక్కన కోతులు కనిపిస్తాయి. ఎవరో అరటిపండు విసురుతారు. మధ్యాహ్నానికి మల్లికార్జునుని దర్శనం, సాయంకాలానికి ఆనకట్ట, రాత్రికి తిరుగు ప్రయాణం. మరునాడు బడిలో వ్యాసం వ్రాయమంటే ముప్పైమంది పిల్లలూ నల్లమలను గూర్చి ఒకే వాక్యం వ్రాస్తారు: అక్కడ చెట్లు ఎక్కువగా ఉన్నవి.

ఈ దోషం పిల్లలది కాదు. ప్రయాణాన్ని ఏర్పాటు చేసినవారు ఊళ్ల పేర్లు వ్రాసుకొన్నారు గాని గంటలను లెక్క వేసుకొనలేదు. అడవిని చూపే మోటారు ప్రయాణానికి మొదట నిర్ణయించవలసినవి కాలమూ, వెలుతురూ, వేగమూ. ఎక్కడికి పోవాలన్నది ఆ తరువాతి మాట.

పూర్వులు ఈ కొండలను దాటిన తీరు వేరు. శ్రీశైలానికి నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు చెప్పుకొన్నారు: తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పశ్చిమాన అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. అచ్చంపేట దాటి కొండచరియలో ఉన్న ఆ ఉమామహేశ్వరం నుండి యాత్రికులు దినాల తరబడి కాలినడకను పోయేవారు. పాలకురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రలో శ్రీశైల మహిమకు ఒక ప్రకరణాన్నే కేటాయించి, శివరాత్రి యాత్రికుల నడకను విస్తారంగా వర్ణించాడు. మనిషి నడిచినంత వేగంతో చూచినవాడు గనుకనే ఆ కవికి అంత కనబడింది. నేటి ఉపాధ్యాయుడు నలభైమంది పిల్లలను నడిపించుకొని అడవిలో దినాల తరబడి తిరగలేడు. తిరగడానికి అనుమతి కూడా లేదు. కనుక మోటారు తప్పదు. ఆ మోటారును ఏ విధంగా వాడుకొనాలన్నదే ప్రశ్న.

మొదట ఋతువు సంగతి. జూలై మొదలు సెప్టెంబరు చివరవరకు వర్షకాలంలో రక్షితారణ్యపు లోపలి బాటలు సందర్శకులకు మూసివేస్తారు. అది జంతువులు పిల్లలను సాకుకొనే కాలం, బాటలు బురదగా మారే కాలం. అక్టోబరు, నవంబరులలో అడవి పచ్చగా, కంటికి ఎంతో ఇంపుగా ఉంటుంది. అయితే ఆ పచ్చదనమే తెర. పదిగజాల దూరంలో దుప్పుల మంద నిలిచినా కనబడదు. ఫిబ్రవరి దాటిన తరువాత నల్లమద్ది, చిరుమాను, తునికి మొదలైన చెట్లు ఆకు రాలుస్తాయి. వాగులు ఎండుతాయి. నీరు మిగిలిన కొద్దిచోట్లకే జంతువులు రావలసి వస్తుంది. అటవీశాఖవారు పళ్లెం ఆకారంలో సిమెంటుతో కట్టించిన నీటి తొట్లు కూడా అప్పుడే ఉపయోగపడతాయి. జంతువులను చూడటానికి ఏప్రిల్, మే నెలలే అనుకూలమని అనుభవజ్ఞులు చెప్పేది ఇందువల్లనే.

కాని వారు బడి పిల్లలను వెంటబెట్టుకొని పోయేవారు కారు. ఫిబ్రవరి, మార్చి నెలలలో పరీక్షలు. ఆ నడుమనే మహాశివరాత్రి. మాలలు ధరించిన శివస్వాములు వేలకొలది ఈ దారినే నడుస్తారు. వాహనాలు బారులు తీరుతాయి. ఉగాదికి కన్నడదేశపు భక్తుల యాత్ర వల్ల నదికి ఆవలివైపు కూడా రద్దీయే. ఏప్రిల్‌లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. అడవికి నిప్పంటుకొనే భయం ఉంటుంది. ఇవన్నీ తీసివేయగా మిగిలేది సంక్రాంతి సెలవులు ముగిసినప్పటినుండి శివరాత్రి రద్దీ మొదలయ్యేవరకు గల రెండు మూడు వారాలు. గడ్డి పండుబారి ఉంటుంది. ఆకు పలచబడటం ప్రారంభమై ఉంటుంది. ఉదయపు చలికి జంతువులు ఎండపొడ వెదుక్కొంటూ మైదానపు అంచులకు వస్తాయి. సర్వోత్తమమైన కాలం కాకపోయినా ఉపాధ్యాయునికి చేతికందే కాలం ఇది.

తరువాత వెలుతురు. అడవి జంతువులలో అధికభాగం తెల్లవారుజామునా, సంధ్యవేళా తిరుగుతాయి. ఎండ ముదిరినకొద్దీ నీడకు చేరి నెమరువేస్తూనో నిద్రిస్తూనో ఉంటాయి. జనవరి చివర సూర్యోదయం ఇంచుమించు ఆరూ ముప్పావుకు. అప్పటినుండి తొమ్మిదిన్నర వరకు గల కాలమే ఆ పగటికంతటికీ విలువైనది. హైదరాబాదు నుండి మన్ననూరు 140 కిలోమీటర్ల దూరం. తెల్లవారి ఐదుకు బయలుదేరిన బస్సు ఎనిమిదిన్నరకు గాని అక్కడికి చేరదు. పిల్లలు దిగి, ఫలహారం చేసి, వరుసలో నిలిచేసరికి అడవి నిద్రకు ఉపక్రమిస్తుంది. కనుక ముందటి సాయంకాలమే మన్ననూరు చేరి అక్కడ రాత్రి బస చేయవలసి ఉంటుంది. అటవీశాఖవారి విడిదులు అక్కడ ఉన్నవి. ముందుగా వ్రాసి కుదుర్చుకొనాలి. ఖర్చు కొంత పెరుగుతుంది. ఆ ఒక్క రాత్రి ఖర్చుకు వెనుకాడి మొత్తం ప్రయాణాన్ని వ్యర్థం చేసుకొన్న పాఠశాలలు తక్కువేమీ కావు.

ఇక పులి. పిల్లలు అడిగేదీ, తల్లిదండ్రులు అడిగేదీ, తిరిగివచ్చిన తరువాత ప్రధానోపాధ్యాయుడు అడిగేదీ పులి కనబడిందా అనియే. దీనికి జవాబు బయలుదేరక ముందే తరగతి గదిలో నల్లబల్లమీద చెప్పుకొనడం మంచిది. 2022 సంవత్సరపు జాతీయ గణన ప్రకారం భారతదేశంలో పులుల సంఖ్య సుమారు 3682. తెలంగాణ మొత్తంలో లెక్కకు వచ్చినవి 21. అమ్రాబాదు రక్షితారణ్య వైశాల్యం 2611 చదరపు కిలోమీటర్లు. ఆ ఇరవై ఒక్క పులులూ ఇక్కడనే ఉన్నవని ఉదారంగా అనుకొన్నా ఒక్కొక్కదానికి 124 చదరపు కిలోమీటర్లు వస్తుంది. జీపు పోయే బాట ఇరవై కిలోమీటర్లనీ, ఇరుప్రక్కలా ముప్పై మీటర్లు కన్ను పారుతుందనీ అనుకొందాము. అప్పుడు చూడగలిగిన నేల 1.2 చదరపు కిలోమీటర్లు. అనగా ఆ అరణ్యంలో రెండువేల వంతులలో ఒక వంతుకన్న తక్కువ. పులికి మెత్తని బాటల వెంట నడవటం ఇష్టమే గనుక వాస్తవంలో అవకాశం ఇంతకన్న కొంత మెరుగు. అయినా ఈ లెక్క చేసిన విద్యార్థి పులి కనబడలేదని ఏడవడు. కనబడితే అది ఎంతటి అపురూపమో ఆ విద్యార్థికే తెలుస్తుంది.

ఈ లెక్క చేయనివారి ప్రయాణం మరొక విధంగా సాగుతుంది. పులిని చూపించమని జీపు నడిపేవానిని తొందరపెడతారు. ఆ తొందరలో ఎదురైన దుప్పిని, కొండగొర్రెను, నెమలిని నిలిచి చూడరు. చివరకు నిరాశతో తిరిగివచ్చి, అడవిలో ఏమీ లేదని ఊరంతా చాటుతారు. ఏమీ లేదన్న మాట మెల్లమెల్లగా లోకాభిప్రాయమైతే, ఏమీ లేని అడవిని కాపాడటమెందుకన్న ప్రశ్న కూడా పుడుతుంది. ఈ మాట వట్టి చమత్కారానికి చెప్పుతున్నది కాదు. మన్ననూరు నుండి శ్రీశైలం దిక్కుగా ఈ అడవి మీదుగా ఎత్తైన స్తంభాలపై వంతెనదారి నిర్మించాలన్న ప్రతిపాదన ఇటీవలి సంవత్సరాలలో చర్చకు వచ్చింది. రాత్రి రాకపోకలకు వీలవుతుందనీ, జంతువులు క్రిందనుండి పోగలవనీ కొందరు. నిర్మాణకాలంలో కలిగే నష్టం తీరనిదని మరికొందరు. రేపు ఓటు వేయబోయే విద్యార్థి ఇటువంటి వివాదంలో ఏ ప్రక్కన నిలిచినా, అడవిని చూచి నిలవటం మేలు.

ఈ నేల రక్షణకు వచ్చిన క్రమం కూడా విద్యార్థులు తెలుసుకొనదగినది. నిజాముల కాలంలో ఫరహాబాదు వేట విడిది. తుపాకి పట్టినవారికి వినోదస్థలమైన ఆ గట్టే నేడు కెమెరా పట్టినవారి సందర్శన స్థలమైనది. నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం 1978లో ఏర్పడి, 1983లో పులుల రక్షణ పథకం క్రిందికి వచ్చింది. 2014లో రాష్ట్రవిభజన జరిగినప్పుడు కృష్ణకు ఉత్తరాన ఉన్న భాగం అమ్రాబాదు పేరుతో తెలంగాణకు వచ్చింది; దక్షిణభాగం పాత పేరుతోనే ఆంధ్రప్రదేశ్‌లో నిలిచి, దేశంలోని పులుల రక్షితారణ్యాలన్నిటిలో పెద్దదిగా ఉన్నది. మధ్యగా పారే నది రాష్ట్రాలకు హద్దు. పులికి ఆ హద్దు తెలియదు.

ప్రయాణపు పగటికి వస్తే, ఉదయం తనిఖీ ద్వారం ఆరు గంటలకు తెరుస్తారు. నలభైమంది పిల్లల బస్సును లోపలి బాటలకు అనుమతించరు. అటవీశాఖవారి చిన్న వాహనాలలో కొద్దికొద్దిమందిగా పోవాలి. ఇది ఇబ్బంది అని తోస్తుంది గాని నిజానికి మేలు. ఆరుగురు పిల్లలు నిశ్శబ్దంగా ఉండగలరు, నలభైమంది ఉండలేరు. సగంమంది ఉదయం, సగంమంది సాయంకాలం పోయేటట్లు విభజించుకొంటే అందరికీ మంచి వెలుతురు దొరుకుతుంది. మిగిలినవారు ఆ సమయంలో ఊరకే కూర్చోక మన్ననూరు పరిసరాలలో చెట్ల ఆకులను బొమ్మ గీయవచ్చు.

ఒక్కొక్క వాహనంలో పిల్లలకు పనులు పంచిపెట్టాలి. ఒకరు కుడిప్రక్క, ఒకరు ఎడమప్రక్క చూడాలి. ఒకరు నేలనే చూడాలి. ఒకరు కళ్లతో పనిలేకుండా చెవులొగ్గి వినాలి. ఇంకొకరు గడియారం చూచి, కనిపించినదీ వినిపించినదీ సమయంతో సహా వ్రాయాలి. అందరూ అన్నిటినీ చూడబోతే ఎవరికీ ఏదీ కనబడదు.

వీరిలో ఎక్కువ లాభపడేది నేల చూచేవాడు. బాటమీది మెత్తని దుమ్ము రాత్రి జరిగిన రాకపోకలకు దినచర్య పుస్తకం వంటిది. కుక్కజాతి జంతువు అడుగులో గోళ్ల గుర్తులు పడతాయి. పిల్లిజాతి జంతువు నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకొంటుంది గనుక ఆ గుర్తులుండవు. ఈ ఒక్క భేదం తెలిస్తే రేచుకుక్క అడుగునూ చిరుతపులి అడుగునూ అయిదవ తరగతి పిల్లవాడు కూడా వేరుచేయగలడు. మగపులి అడుగు ఇంచుమించు చతురస్రంగా, ఆడుపులి అడుగు కొంచెం పొడవుగా ఉంటుంది. ఈ అడుగుల ఆధారంగానే పులులను లెక్కించే పద్ధతిని 1966లో ఒడిశా అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌధురి రూపొందించారు. చాలాకాలం దేశమంతటా అదే నడిచింది. ఒకే పులి అడుగు తడినేల మీద ఒకలాగు, పొడినేల మీద మరొకలాగు పడుతుందన్న అభ్యంతరం బలపడి, 2006 గణన నుండి కెమెరాల పద్ధతి వచ్చింది. మనుషుల వేలిముద్రలవలె ఏ రెండు పులుల చారలూ ఒకటి కావు. ఒకే పులికి కుడిప్రక్క చారలు వేరు, ఎడమప్రక్క వేరు. అందుచేతనే బాటకు ఇరువైపులా రెండు కెమెరాలు ఎదురెదురుగా కడతారు. చెట్టు మొదట మోకాలెత్తున కట్టిన చిన్న పెట్టె కనిపిస్తే పిల్లలకు చూపి ఈ కథ చెప్పవచ్చు.

వినేవాని పని ఇంకొక విధంగా రసవత్తరమైనది. కొండముచ్చు చెట్టుమీద, దుప్పి చెట్టుక్రింద. కొండముచ్చు తిని సగం పారవేసిన ఆకులూ కాయలూ దుప్పికి భోజనం. పైన ఉన్న కొండముచ్చుకు దూరదృష్టి. క్రింద ఉన్న దుప్పికి వాసన పట్టే శక్తి. పెద్దపులి గాని చిరుత గాని వస్తే ఎవరు ముందు పసికడితే వారు అరుస్తారు, ఇద్దరూ తప్పించుకొంటారు. కణుజు అంత తేలికగా అరవదు. అరిచిందంటే మాత్రం ఆ అరుపును నమ్మవచ్చునని వేటకాళ్ల కాలంనుండీ చెప్పుకొంటున్నారు. ఆ అరుపు వినబడిన చోట వాహనం ఆపి, ఇంజను కట్టివేసి, పది నిమిషాలు మాటలేకుండా కూర్చుంటే పులి రాకపోవచ్చును. కాని నలభై ప్రాణాలు ఒక్కసారిగా ఊపిరి బిగపట్టిన అడవి ఎటువంటిదో పిల్లలకు అనుభవానికి వస్తుంది.

దారి చూపేవారు చెంచులు. వీరిని గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. నరసింహస్వామి చెంచులక్ష్మిని వలచి పెండ్లాడిన కథ తెలుగునాట తెలియనివారు లేరు. చెంచు గూడెంలో ఒక్క పూట గడిపినవారు మాత్రం అరుదు. తేనె, గడ్డలు, ఇప్పపువ్వు, సారపప్పు సేకరించి జీవించిన ఈ జనం పులితోపాటు ఈ కొండలలో తరతరాలుగా ఉన్నారు. నేడు వారిలో అనేకులు అటవీశాఖలో కావలివారుగా, మార్గదర్శకులుగా పనిచేస్తున్నారు. పులుల కొరకు గూడేలను వెలుపలికి తరలించాలా, తరలించడం న్యాయమా అన్నది ఇంకా తేలని ప్రశ్న. వారి సమ్మతి లేనిదే తరలించరాదని చట్టం చెప్పుతున్నది. ఈ వివాదం పిల్లలకు చెప్పవచ్చును, చెప్పాలి కూడా. చేయకూడనిది ఒకటున్నది. జంతువులను చూడటానికి వచ్చిన ఊపులోనే గూడెం ముందు వాహనం ఆపి, వాకిట్లో కూర్చున్న ముసలమ్మను ఫొటో తీయడం. చదువుకొన్నవారు ఈ తప్పు చేస్తూనే ఉన్నారు. మార్గదర్శకుడైన చెంచు యువకుని పిల్లలు అన్నా అని పిలిచి, చెట్టు పేరు అడిగి, ఆయన చెప్పిన పేరునే పుస్తకంలో వ్రాసుకొంటే చాలు. పాఠ్యపుస్తకంలో దొరకని పదాలు ఆ ఒక్క ఉదయంలో పాతిక పోగవుతాయి.

పేర్ల ప్రస్తావన వచ్చింది గనుక మరొకటి. ఈ దారిలో వటవర్లపల్లి దాటిన తరువాత వచ్చే ఊళ్లు దోమలపెంట, ఈగలపెంట. పెంట అంటే అడవిలోని చిన్న నివాసం. దోమలు ఎక్కువైనచోట దోమలపెంట, ఈగలు ఎక్కువైనచోట ఈగలపెంట అని పేరుపెట్టినవారి నిష్కపటం ముచ్చటైనది. 2024లో ప్రభుత్వం వీటిని బ్రహ్మగిరి, కృష్ణగిరి అని మార్చింది. కొత్త పేర్లు గంభీరంగానే ఉన్నవి. అయితే అవి ఏ కొండకైనా సరిపోతాయి.

చిన్న ప్రాణుల సంగతి కూడా మరువరాదు. నది ఆవలి నల్లమలలో, నంద్యాల గిద్దలూరుల మధ్య అడవిలో, నీలిరంగుతో మెరిసే ఒక పెద్ద సాలీడు ఉన్నది. దానిని లోకం గుత్తి సాలీడు అంటుంది. గుత్తి రైల్వే ఆవరణలో దొరికిన ఒక్క నమూనాను బట్టి పొకాక్ అనే శాస్త్రజ్ఞుడు 1899లో దానికి శాస్త్రీయనామం పెట్టాడు. అది బహుశా కట్టెల బండిలో గుత్తికి చేరి ఉంటుంది. ఆ తరువాత నూరేండ్లకు పైగా ఎవరికీ కనబడక, 2001లో గాని తన అసలు అడవిలో మళ్లీ దొరకలేదు. అమ్రాబాదులో కుందేలంత ఉండే మూషికజింక కథ మరొకటి. అది అడవిలో తరిగిపోగా హైదరాబాదు జంతుప్రదర్శనశాలలో పెంచి, పిల్లలు కలిగిన తరువాత కొన్నిటిని ఈ అడవికి తెచ్చి వదిలారు. ఇవి రెండూ జీపులోనుండి కనబడవు. కనబడనివి కూడా ఉన్నవని తెలియడానికి చెప్పవలసిన కథలు.

ఉదయపు విడత ముగిసి, భోజనాలైన తరువాత మధ్యాహ్నపు వేళను రహదారికి కేటాయించవచ్చు. బస్సులోనే మన్ననూరు నుండి దోమలపెంట వరకు పోయి, కృష్ణ జలాశయం లోయలలోనికి అనేక పాయలుగా చీలి కనబడే గట్టు చూచి తిరిగిరావడం. ఉదయం అడవిని చూచిన సగంమందీ, సాయంకాలం చూడబోయే సగంమందీ కలసి వెళ్లే ప్రయాణం ఇది. ఇక్కడ మాత్రం ఉపాధ్యాయుడు డ్రైవరు ప్రక్కనే కూర్చోవాలి.

కారణం మళ్లీ లెక్కే. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు పదహారు మీటర్లకు పైగా. ఎదుట జింక దూకిందని కన్ను గ్రహించి కాలు బ్రేకు మీద పడేలోగా ఒక సెకను గడుస్తుంది. ఆ తరువాత బండి ఆగటానికి మరో ఇరవై మీటర్లయినా కావాలి. మొత్తం ముప్పై అయిదు మీటర్లకు పైమాట. నిండు బస్సుకు ఇంకా ఎక్కువ. వేగం సగానికి తగ్గించి 30కి వస్తే మొదటి దూరం సగమవుతుంది, రెండవది నాలుగవ వంతవుతుంది. బండి పదమూడు మీటర్లలో ఆగుతుంది. మలుపుల దారిలో కంటికి ఆనే దూరమే ఇరవై, ముప్పై మీటర్లు. తొమ్మిదవ తరగతి భౌతికశాస్త్రంలోని ఈ చిన్న సూత్రం మీద జింక ప్రాణం ఆధారపడి ఉన్నది.

చచ్చేవి జింకలు మాత్రమే కావు. పాములు సాయంకాలపు చలికి వెచ్చని తారుమీదికి వస్తాయి. ఉడుము మెల్లగా దాటుతుంది. అన్నిటికన్న దయనీయమైనది కోతుల స్థితి. యాత్రికులు పుణ్యమని విసరిన పండ్లకూ ప్రసాదానికీ అలవాటుపడి అవి అడవిలో కాయ వెదకడం మానివేశాయి. పిల్లను పొట్టకు కరచుకొని దారిమీదనే కూర్చుంటాయి. ఒక కారు పండు విసురుతుంది. వెనుక వచ్చే కారు తొక్కుతుంది. ఈ చావుకు డ్రైవరు ఒక్కడే కారకుడా? పండు విసరినవానికి ఆ శవం కనబడదు. అప్పటికే ముందుకు పోయి ఉంటాడు. అభయారణ్యంలో జంతువును అల్లరిపెట్టడం, చెత్త వేయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారమే నిషిద్ధం. అరటిపండు చెత్త కాదని వాదించేవారు ఒక్కసారి మన్ననూరు నుండి దోమలపెంట దాకా దారి అంచులను చూడవలసింది. అడవిలో వదిలే ప్లాస్టిక్ సంచులపై అటవీశాఖ నిషేధం విధించింది. నీళ్లు స్టీలు సీసాలలో తీసుకొనిపోవాలి. బస్సులో తినుబండారాలు తెరవకుండా, అన్నీ మన్ననూరులోనే ముగించుకొనాలి. కాలకృత్యాలు తీర్చుకొనడానికి కూడా ఊళ్లు వచ్చినచోట ఆపాలి గాని అడవి మధ్య ఆపరాదు. పిల్లలతో పోయేవారు ఈ చివరి సంగతిని ముందే ఆలోచించకపోతే మిగిలిన నియమాలన్నీ అక్కడే భగ్నమవుతాయి.

ఈ ప్రణాళికలో శ్రీశైలం లేదని పాఠకులు ఈపాటికి గమనించి ఉంటారు. ఈ మాట కొందరికి రుచించదు. అంత దూరం పోయి దేవుని చూడకుండా తిరిగివస్తారా అని తల్లిదండ్రులు అడుగుతారు. శ్రీశైలాన్ని కలుపుకొంటే ఏమవుతుందో గంటలలోనే చెప్పవచ్చు. ఉదయపు విడత ముగిసి పదిన్నరకు బయలుదేరితే దర్శనపు వరుస ముగిసేసరికి నాలుగు దాటుతుంది. సాయంకాలం అడవిని చూడవలసిన సగంమందికి ఆ అవకాశం పోయినట్లే. ఇక తిరుగు ప్రయాణం. రాత్రి తొమ్మిది గంటలకు అడవి ద్వారాలు మూసివేస్తారు. మరునాడు ఆరువరకు తెరవరు. గేటు పడిపోతుందన్న భయంతో ఏడు, ఎనిమిది గంటల మధ్య ఘాటు మలుపులలో బండ్లు దూసుకొనిపోయే వేగం చూడదగినది కాదు. జంతువులు దారి దాటే వేళ కూడా సరిగా అదే. ఆ గుంపులో పాఠశాల బస్సు కూడా ఒకటి కావలసి వస్తుంది. యాత్రకు యాత్రగానే మరొకసారి, రెండు రాత్రుల వ్యవధితో పోవటం మల్లికార్జునునికీ అపచారం కాదు.

కనుక దోమలపెంట నుండి బస్సు మూడు గంటలకల్లా మన్ననూరు చేరాలి. రెండవ సగంమంది పిల్లలు చిన్న వాహనాలెక్కుతారు. ఉదయం పోయినవారు తమ పుస్తకాలు వారి చేతికిస్తారు: ఆరూ యాభైకి అడవికోడి కూత; ఏడూ పదికి ఎలుగుబంటి త్రవ్విన చెదలపుట్ట; ఏడూ ఇరవైకి బాటమీద గోళ్లు లేని పెద్ద అడుగు, వెళ్లిన దిక్కు తూర్పు. సాయంకాలంవారు ఆ అడుగు ఉన్నచోటికి పోయి, దానిమీద మరే జంతువైనా నడిచిందేమో చూచి వ్రాసుకొనిరావాలి. ఆరు దాటకముందే అందరూ తిరిగివస్తారు. బస్సు కల్వకుర్తి దిక్కుగా కదిలేసరికి మన్ననూరు ద్వారం వద్ద లోపలికి పోయే బండ్లు ఇంకా బారులు తీరి ఉంటాయి.